నెల్లూరు నుంచి గుల్మార్గ్ దాకా: లోతు మంచులో స్కీయింగ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నెలగంట పెట్టింది మొదలు నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు స్నేహితులు, వాళ్ల స్నేహితులు ఫోన్ చేసి కశ్మీర్‌లోని గుల్మార్గ్ గురించి అడుగుతుంటారు. ఊరికే మంచు చూసి రావడం గురించి కాదు. అందులో స్కీ చేయాలని, అదీ మోకాలి లోతు కొత్త మంచులో చేయాలని వాళ్ల కోరిక. అందరికీ విడివిడిగా చెప్పేది ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను: లోతు మంచు రోజును ఎవరూ బుక్ చేసుకోలేరు. అది వచ్చేదాకా అక్కడ ఉండగలిగినవాళ్లకే దొరుకుతుంది. కాబట్టి డబ్బు కంటే ముందు సెలవులు కూడబెట్టండి.

పౌడర్ మంచు అంటే ఏంటి? మామూలు మంచుకీ దీనికీ తేడా ఏముంది?

బాగా చలిగా ఉండి, గాలి పెద్దగా లేనప్పుడు పడే కొత్త మంచు ఇది. మంచు రేకులు ఒకదాని మీద ఒకటి వదులుగా పేరుకుంటాయి. వాటి మధ్య ఉండేదంతా గాలే. గట్టి ఐసు ఒక ఘనమీటరు 900 కిలోల పైన తూగితే, ఇలాంటి కొత్త మంచు 50 నుంచి 100 కిలోలే ఉంటుంది. గుప్పెట్లో నొక్కినా ముద్ద కాదు, ఊదితే బూరుగు దూదిలా లేచిపోతుంది.

యంత్రంతో చదును చేసిన వాలు మీద స్కీ పైపైన జారుతుంది. అంచు గీసుకుంటున్న చప్పుడు వినిపిస్తుంది. పౌడర్‌లో ఆ చప్పుడే ఉండదు. స్కీలు మునిగి, వేగం అందుకున్నాక మెల్లగా పైకి తేలతాయి. మలుపు తిప్పినప్పుడు మంచు నడుము దాకా లేస్తుంది, బాగా లోతుగా ఉంటే మొహం మీదకే వస్తుంది. కిందికి జారుతున్నామా, తేలుతున్నామా అన్నది కాసేపు తెలియదు. ఆ కాసేపటి కోసమే ప్రపంచం నలుమూలల నుంచి జనం గుల్మార్గ్ వస్తారు.

గుల్మార్గే ఎందుకు? మనాలి, ఔలీ దగ్గర కాదా?

నేర్చుకోవడానికి ఔలీ మంచి చోటే. కానీ జోషిమఠ్ నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వేను 2023 జనవరిలో అక్కడ భూమి కుంగినప్పుడు ఆపేశారు. మనాలి దగ్గర సోలాంగ్‌లో వాలు చిన్నది. అక్కడ మొదటి పాఠాలు నేర్చుకోవచ్చు.

లోతు మంచు కావాలంటే మన దేశంలో నా ఓటు గుల్మార్గ్‌కే. ఊరే సుమారు 2650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి గొండోలా, అంటే తీగ మీద వేలాడుతూ పైకి వెళ్లే కేబుల్ కారు, మొదటి దశలో కొంగ్‌డోరి దాకా తీసుకెళ్తుంది. ఇది 1998లో మొదలైంది. రెండో దశ 2005లో వచ్చింది. అది అఫర్వాట్ కొండ భుజం మీద, దాదాపు 3950 మీటర్ల ఎత్తున దించుతుంది. అంటే పెద్ద కొండను కాళ్లతో ఎక్కకుండానే పైనుంచి కిందిదాకా 1300 మీటర్ల దిగుడు దొరుకుతుంది. అందులో చదును చేసిన దారి కొంచెమే. మిగతాదంతా కొండ ఎలా ఉందో అలాగే ఉంటుంది. గుల్మార్గ్ గొప్పతనం అదే, ప్రమాదం కూడా అదే. దాని గురించి కింద వివరంగా రాశాను.

ఏ నెలలో వెళ్లాలి?

కశ్మీరీలు చలికాలాన్ని మూడు ముక్కలుగా లెక్కపెడతారు. డిసెంబర్ 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్, తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, ఆ తర్వాత 10 రోజులు చిల్లై బచ్చా. మన నెలగంట పెట్టాక కొద్ది రోజులకే వాళ్ల చిల్లై కలాన్ మొదలవుతుంది. సంక్రాంతి దాని మధ్యలోనే పడుతుంది.

అయినా స్కీయింగ్‌కు సంక్రాంతి సెలవుల కంటే జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం వరకు మేలని నా అభిప్రాయం. అప్పటికి కింద రాళ్లూ పొదలూ కప్పేసేంత మంచు పేరుకుని ఉండే అవకాశం ఎక్కువ. దాని మీద పడే కొత్త మంచే మనకు కావాల్సింది.

మనకు వాన బంగాళాఖాతం వైపు నుంచి వస్తే, వాళ్లకు మంచు పడమటి నుంచి వచ్చే అల్పపీడనాల వల్ల పడుతుంది. వాటినే వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఇరాన్, అఫ్గానిస్తాన్ దాటి హిమాలయాలకు తగులుతాయి. నవంబర్‌లో వాయుగుండం ఎటు కదులుతోందో రోజూ చూసే నెల్లూరోళ్లకు ఇది కొత్త విద్య కాదు. శ్రీనగర్ వాతావరణ కేంద్రం బులెటిన్ బయల్దేరే ముందు వారం నుంచీ చూస్తూ ఉండండి.

నాలుగు రోజుల ప్యాకేజీలో లోతు మంచు స్కీయింగ్ కుదురుతుందా?

కుదరదు. స్కీ అంటే ఏంటో తెలియనివాళ్లకు అసలు కుదరదు. ఈ మాట కొంచెం కటువుగా అనిపించినా సరే, మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

మొదటి రెండు మూడు రోజులు బన్నీ స్లోప్ (కొత్తవాళ్లు నేర్చుకునే చిన్న వాలు) మీద నిలబడటం, ఆగడం, స్కీలను ముందు దగ్గరకు వెనక దూరంగా పెట్టి వేగం తగ్గించడం నేర్చుకుంటారు. తర్వాత కొన్ని రోజులు కొంగ్‌డోరి వాలు మీద రెండు వైపులా మలుపులు వరసగా తిప్పడం రావాలి. స్కీలు పక్కపక్కన సమాంతరంగా పెట్టి, భయం లేకుండా, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగగలిగాకే పౌడర్ గురించి ఆలోచించాలి. కొందరికి ఇది వారంలో వస్తుంది, కొందరికి రెండో ఏడాదికి వస్తుంది. రెండూ మామూలే.

గట్టిగా నేర్చుకోవాలనుంటే ప్యాకేజీ మానేసి కోర్సులో చేరండి. కేంద్ర పర్యాటక శాఖ కింద పనిచేసే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ గుల్మార్గ్‌లోనే ఉంది. పహల్గాంలోని జవహర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు కూడా గుల్మార్గ్‌లో స్కీయింగ్ కోర్సులు పెడతారు. తేదీలు చలికాలానికి ముందే ప్రకటిస్తారు, కనిపెట్టుకుని ఉండాలి. ఇప్పటికే స్కీ వచ్చినవాళ్లయితే పది రోజులు పెట్టుకోండి. మంచు పడే రోజులు, గాలికి లిఫ్ట్ మూసేసే రోజులు పోగా మిగిలేవే మీవి.

కశ్మీర్ వెళ్లడం భద్రమేనా? ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

ఇంట్లోవాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్‌లో జరిగిన దాడిలో 26 మంది చనిపోయారు. వాళ్లలో మన కావలి మనిషి కూడా ఉన్నారు. ఆ వార్త వచ్చిన రోజు జిల్లా అంతా ఎలా ఉందో మీకూ తెలుసు. ఆ తర్వాత చాలా పర్యాటక ప్రాంతాలను మూసి, విడతలవారీగా మళ్లీ తెరిచారు. ప్రభుత్వ హెచ్చరికలు చూడండి, తెరవని చోటికి ఎవరు పిలిచినా వెళ్లకండి, రోజూ సాయంత్రం ఇంటికి ఫోన్ చేయండి. వెళ్లాలా వద్దా అన్నది మీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాల్సిందే. దాన్ని ఇంకొకరు మీ తరఫున తేల్చలేరు.

ఫోన్ మాట వచ్చింది కాబట్టి: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ ఉండాలి. గుంపులో కనీసం ఇద్దరి దగ్గరైనా ఉండేలా చూసుకోండి.

ఎలా చేరుకోవాలి?

చెన్నై వెళ్లి, ఢిల్లీ మీదుగా శ్రీనగర్‌కు విమానం. లేదంటే రైలు. చెన్నై నుంచి కట్రా వెళ్లే అండమాన్ ఎక్స్‌ప్రెస్ నెల్లూరు మీదుగానే వెళ్తుంది. 2025 జూన్ నుంచి కట్రా, శ్రీనగర్ మధ్య వందేభారత్ నడుస్తోంది కాబట్టి ఇప్పుడు రైల్లోనే లోయలోకి దిగొచ్చు. నది మీద 359 మీటర్ల ఎత్తున్న చినాబ్ వంతెన దాటేది ఈ దారిలోనే. తీరికుంటే నేను రైలుకే మొగ్గుతాను.

శ్రీనగర్ నుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. తంగ్‌మార్గ్ దాకా మామూలు టాక్సీ వెళ్తుంది. మంచు ఎక్కువగా ఉన్న రోజుల్లో అక్కడి నుంచి పైకి, టైర్లకు చైన్లు కట్టిన బండ్లలోనే పోవాలి. ఈ బండి మారే ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

ఇక్కడి నుంచి ఏం సాధన చేసుకుని వెళ్లాలి?

తొడలు, నడుము. పౌడర్‌లో రోజంతా మోకాళ్లు కాస్త వంచే ఉండాలి. గుంజీలు తీయండి, గోడకు వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలబడే వ్యాయామం చేయండి. మైపాడులోనో కొత్తపట్నంలోనో ఉంటే పొడి ఇసుకలో గబగబా నడవండి. వారానికోసారి నరసింహకొండ మెట్లు ఎక్కి దిగండి. ఉదయగిరి దుర్గం ఎక్కగలిగితే ఇంకా మంచిది. ఎక్కడం కంటే దిగడం మీద శ్రద్ధ పెట్టండి. స్కీయింగ్‌లో పనిచేసేది దిగేటప్పుడు వాడే కండరాలే. రెండు నెలల ముందు మొదలుపెడితే చాలు.

బట్టలు ఎక్కడ కొనాలి? స్వెట్టర్లు చాలవా?

లావుపాటి స్వెట్టర్ ఒకటి వేసుకోవడం కంటే పలచనివి మూడు పొరలు వేసుకోవడం మేలు. ఒంటికి తగిలేది ఉన్ని లేదా సింథటిక్. మధ్యలో ఫ్లీస్. పైన గాలీ నీళ్లూ చొరనివ్వని జాకెట్, ప్యాంటు. కాటన్ బనియన్ మాత్రం వేసుకోవద్దు. చెమటకు తడిస్తే ఆరదు, ఆ తడే వణికిస్తుంది. చెన్నైలోని పెద్ద స్పోర్ట్స్ షాపుల్లో ఇవన్నీ దొరుకుతాయి.

తంగ్‌మార్గ్‌లో కోట్లు, గంబూట్లు అద్దెకిస్తారు. మంచులో తిరగడానికి అవి సరిపోతాయి, స్కీయింగ్‌కు పనికిరావు. గ్లౌజులు రెండు జతలు పెట్టుకోండి. పౌడర్‌లో పడి లేచేటప్పుడు మొదట తడిసేవి అవే.

స్కీలు, బూట్లు కొనుక్కోవాలా?

వద్దు, అద్దెకు తీసుకోండి. కాకపోతే తొందరపడి తీసుకోకండి. బూటు మడమను కదలనివ్వకూడదు. నిలబడితే వేళ్లు ముందు తగిలీ తగలనట్టు ఉండాలి. మోకాలు ముందుకు వంచితే వేళ్లు కొంచెం వెనక్కి రావాలి. సాక్సు ఒక్క జతే వేయాలి. రెండు వేస్తే రక్తం సరిగా ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి.

పౌడర్ రోజుకు వెడల్పు స్కీలు అడగండి. స్కీ మధ్య భాగం వెడల్పు 100 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ ఉండి, ముందు కొస పైకి లేచినవి. సన్న స్కీలు మునిగిపోతాయి. చేతికర్రల కింద చక్రం పెద్దది ఉండాలి, లేదంటే కర్ర మోచేతి దాకా దిగిపోతుంది. హెల్మెట్ లేకుండా ఎవరూ ఎక్కవద్దు. మబ్బు రోజుకు లేత రంగు అద్దం, ఎండ రోజుకు ముదురు రంగు అద్దం ఉన్న గాగుల్స్ కావాలి.

లోతు మంచు రోజు ఎలా గడుస్తుంది?

ముందు రోజు రాత్రంతా కురుస్తుంది. మంచు పడుతున్నప్పుడు చప్పుడు ఉండదు కాబట్టి పొద్దున తలుపు తీసేదాకా ఎంత పడిందో తెలియదు. మెట్లు కనిపించవు. మీరు ఆత్రంగా తయారై వెళ్లేసరికి గొండోలా మూసి ఉండొచ్చు. పెద్ద మంచు పడిన రోజు, గాలి ఎక్కువగా ఉన్న రోజు రెండో దశ తెరవరు. స్కీ పెట్రోల్ (వాలుల మీద భద్రత చూసే గస్తీ సిబ్బంది) వాళ్లు పై వాలు పరీక్షించి సరే అన్నాకే వదులుతారు. ఒక్కోసారి అది మర్నాటికి పడుతుంది. వాళ్లతో వాదించకండి. వాళ్లకు ఆ కొండ తెలుసు.

ఆ రోజు కింద ఊరికే కూర్చోనక్కర్లేదు. మొదటి దశ కింద దేవదారు, ఫర్ చెట్ల మధ్య వాలు ఉంటుంది. మంచు కురుస్తున్నప్పుడు బయలు ప్రదేశంలో నేలా ఆకాశం ఒకే తెలుపులో కలిసిపోయి ఏమీ కనిపించదు. చెట్ల మధ్యలో ఆ ఇబ్బంది తక్కువ. నాకు వ్యక్తిగతంగా, మబ్బు రోజు చెట్ల మధ్య చేసే స్కీయింగే ఇష్టం. గైడ్‌తోనే వెళ్లండి. చెట్టు మొదలుకు దగ్గరగా పోవద్దు, ఎందుకంటే కొమ్మల కింద మంచు గట్టిపడకుండా గుంతలా ఉంటుంది. తలకిందులుగా అందులో పడితే ఒక్కరే బయటికి రావడం చాలా కష్టం. అందుకే ఇద్దరిద్దరుగా, ఒకరికొకరు కనబడేంత దూరంలో దిగాలి.

తెరిపిచ్చిన రోజు సంగతి వేరు. తెల్లారకముందే టిఫిన్ కానిచ్చి వరసలో నిలబడాలి. గొండోలా దిగి అఫర్వాట్ మీద నిలబడితే, ఆకాశం తేటగా ఉన్నప్పుడు దూరంగా నంగా పర్బత్ కనిపిస్తుంది. కింద ఎవరి గీతా పడని తెలుపు. ఒకరు దిగి పక్కకు ఆగాక ఇంకొకరు దిగాలి. కిందికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే మీ గీత మీకు కనిపిస్తుంది. దాని పక్కన ఇంకో గీత గీయడానికి మళ్లీ పైకి పోతారు. మధ్యాహ్నానికి ఎండ తగిలిన వాలు మీద మంచు బరువెక్కుతుంది. అప్పటికి తొడలు కూడా చాలిక అంటాయి. బడలికలోనే దెబ్బలు తగులుతాయి కాబట్టి ఆఖరి ట్రిప్పు కోసం పంతానికి పోవద్దు. కొంగ్‌డోరిలో ఆగి వేడి కహ్వా తాగి దిగండి.

చదును వాలు మీద బాగానే చేస్తాను, పౌడర్‌లో మాత్రం రెండో మలుపుకే పడిపోతున్నాను. ఎందుకు?

మూడు కారణాలు ఎక్కువగా చూస్తుంటాను. మొదటిది, బరువంతా ఒక కాలి మీద వేయడం. చదును వాలు మీద బయటి కాలు మీద మొగ్గమని నేర్పిస్తారు, అది అక్కడ సరైనదే. పౌడర్‌లో అలా చేస్తే ఆ స్కీ మునిగి, రెండోది తేలి, కాళ్లు చీలిపోతాయి. పాదాలు దగ్గరగా పెట్టి, రెండింటి మీదా ఇంచుమించు సమానంగా నిలబడండి.

రెండోది, వెనక్కి వాలడం. స్కీ కొస మునుగుతుందేమోనన్న భయంతో అందరూ చేసేదే ఇది. అలా వాలితే తొడలు రెండు నిమిషాల్లో మండిపోతాయి, స్కీలు మాట వినవు. పాదం నడిమధ్యన నిలబడితే వెడల్పు స్కీ తనంతట తానే తేలుతుంది.

మూడోది, భయపడి వేగం చంపేసుకోవడం. వేగం లేకపోతే స్కీ తేలదు, తేలకపోతే తిరగదు. వాలుకు అడ్డంగా పోకుండా కిందికే ముఖం పెట్టి, చిన్న చిన్న మలుపులు ఒకే లయలో తిప్పండి. మోకాళ్లు వంచడం, లేవడం, వంచడం, లేవడం. తొందరపడి తిప్పకండి, మంచు తిరగనిచ్చేదాకా ఒక క్షణం ఆగండి.

పడితే లేవడం ఎలా? స్కీ ఊడి కనిపించకపోతే?

చేత్తో నొక్కి లేవాలని చూస్తే చెయ్యి భుజం దాకా దిగిపోతుంది. రెండు చేతికర్రలను గుణకారం గుర్తులా మంచు మీద పడుకోబెట్టి, అవి కలిసే చోట నొక్కి లేవండి. స్కీలు వాలుకు అడ్డంగా, మీ కంటే దిగువన ఉండాలి.

స్కీ ఊడితే మీరు ఆగిన చోట వెతకొద్దు. మీరు దొర్లుకుంటూ కిందికొస్తారు, స్కీ పైనే ఎక్కడో ఉండిపోతుంది. పడిన చోటికి కాస్త ఎగువ నుంచి మొదలుపెట్టి కర్రతో మంచును గీస్తూ రండి. స్కీలకు పొడుగు రంగు రిబ్బన్లు కట్టుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి.

మంచు చరియల ప్రమాదం ఎంత?

నిజమైన ప్రమాదం. 2010 ఫిబ్రవరిలో గుల్మార్గ్ పైనున్న ఖిలన్‌మార్గ్‌లో శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు మంచు చరియల కింద చనిపోయారు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ పోయారు.

ఎక్కువ చరియలు 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద కదులుతాయి. బాధ ఏంటంటే, మంచి పౌడర్ స్కీయింగ్ దొరికేది కూడా ఆ వాలు మీదే. కొత్త మంచు పడిన తర్వాత మొదటి 24 గంటలు, గాలి మంచును ఒకవైపు నుంచి ఎత్తి ఇంకోవైపు పోసిన రోజులు, ఒక్కసారిగా ఎండ కాసిన పూటలు మరీ జాగ్రత్తగా ఉండాలి.

స్కీ పెట్రోల్ చూసుకునేది గొండోలా కింద ఉన్న కొంత ప్రాంతమే. గొండోలా ఎక్కించింది కాబట్టి పైన అంతా భద్రమే అనుకోకండి. గొండోలా దిగి కొంచెం పక్కకు నడిస్తే మీరు అడవి కొండలో ఉన్నట్టే. రక్షణ శాఖ సంస్థ డీజీఆర్ఈ ఇచ్చే మంచు చరియల హెచ్చరిక పొద్దున్నే చూడండి. గైడ్ లేకుండా హద్దు దాటొద్దు.

హద్దు దాటేవాళ్లలో ప్రతి ఒక్కరి దగ్గరా బీకన్ (మంచు కింద కూరుకుపోయినవాళ్లు ఎక్కడున్నారో సిగ్నల్‌తో చూపే పరికరం), మంచులో గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర, పార ఉండాలి. ఉంటే చాలదు, వాడటం తెలియాలి. కూరుకుపోయిన మనిషిని పది పదిహేను నిమిషాల్లోపు తీస్తే బతికే అవకాశం బాగా ఉంటుంది, ఆ తర్వాత వేగంగా తగ్గిపోతుంది. అంత తొందరగా సహాయ బృందం రాలేదు. తీయాల్సింది మీ పక్కనున్నవాళ్లే. అందుకే నేను గైడ్‌ను మొదట అడిగేది రేటు కాదు, బీకన్ సాధన చేయిస్తారా అని. చేయించనంటే వేరే గైడ్‌ను చూసుకోండి.

ఎత్తు పడుతుందా? మనది సముద్రం పక్క ఊరు కదా.

కొందరికి పడదు. అఫర్వాట్ మీద గాలిలో దొరికే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతుల కంటే తక్కువ. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం వస్తే పైకి వెళ్లొద్దు. తగ్గకపోతే కిందికి దిగాలి. మొదటి రోజు విశ్రాంతి తీసుకోండి, నీళ్లు తాగండి. బీపీ, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఇక్కడే డాక్టర్‌ను అడిగి బయల్దేరండి. మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా సన్‌స్క్రీన్ రాయండి.

గదిలో బుఖారీ పొయ్యి ఉంటే కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే ప్రాణం మీదకు వస్తుంది.

తిండికి ఇబ్బందా?

అన్నం తినేవాళ్ల ఊరే అది. కశ్మీరీలు మనలాగే రెండు పూటలా అన్నం తింటారు. హాక్ అనే ఆకుకూర, రాజ్మా, తామరతూళ్లతో చేసే నద్రు శాకాహారులకు సరిపోతాయి. మాంసం తినేవాళ్లు చలికాలం పొద్దున్నే దొరికే హరీసా తప్పకుండా తినాలి. కారం మాత్రం మనకు చాలదు. పొడుల డబ్బా, ఆవకాయ పట్టుకెళ్లండి.

అమ్మానాన్నలను, పిల్లలను తీసుకెళ్లవచ్చా?

స్కీ చేయనివాళ్లకు గొండోలా మొదటి దశ చాలు. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. పిల్లలు పెద్దల కంటే త్వరగా నేర్చుకుంటారు, కానీ లోతు మంచులోకి తీసుకెళ్లకండి. మీరు పైకి వెళ్లే రోజు వాళ్ల దగ్గర పెద్దవాళ్లు ఒకరు ఉండేలా చూసుకోండి.

అంత దూరం వెళ్లాక మంచే పడకపోతే?

పడకపోవచ్చు. 2024 జనవరిలో గుల్మార్గ్ వాలులు చాలా రోజులు గోధుమ రంగులోనే ఉన్నాయి, నెలాఖరుకు గానీ మంచు పడలేదు. అలాంటప్పుడు మిగిలిన మంచు మీద పాఠాలు చెప్పించుకోండి, బీకన్ సాధన చేయండి. పడమటి నుంచి అల్పపీడనం వస్తోందని బులెటిన్ చెప్తే రెండు రోజులు ఆగి చూడండి. అందుకే తిరుగు టికెట్ తేదీ మార్చుకోగలిగేదే కొనాలి, హోటల్‌వాళ్లతో గది పొడిగించే మాట ముందే అనుకోవాలి. ఆఫీసులో సెలవు అడిగేటప్పుడు కూడా ఆ రెండు రోజులు కలిపే అడగండి.